పంపరపనస సెంటూ, బాపమ్మ జరమూ

మొన్న మే నెలలో నాలుగు రోజులు సెలవు పెట్టి హుజూరాబాద్ పోయినప్పటి ముచ్చట ఇది. మా టీమ్‌లో ఒకాయన ఆన్‌సైట్ నుంచి తిరిగొస్తూ మామూలుగా అందరూ తెచ్చే చాక్లెట్లు కాకుండా నాకో చిన్న సెంటు సీసా తెచ్చాడు (ఆయన లేనప్పుడు ఆయన ప్రొడక్షన్ గొడవలన్నీ నేనే మోశాను లెండి, ఆ మాత్రం ఋణం ఉంది). సీసా మీద గ్రేప్‌ఫ్రూట్ అని ఉంది. ఆడా మగా ఎవరైనా వాడొచ్చు అని ఉంది. వేడి వాతావరణానికి ప్రత్యేకం అని కూడా ఉంది. వాళ్ళ లెక్కలో వేడి అంటే ఓ ఇరవయ్యెనిమిది డిగ్రీలు అయ్యుంటుంది. మాకు పైన రామగుండంలో మే నెలలో నలభై అయిదు దాటడం వార్త కూడా కాదు.

సరే, మధ్యాహ్నం స్నానం చేసి, అదేదో చూద్దామని మెడకు రెండు పక్కలా కొట్టుకుని బయటి అర్రలోకి వచ్చాను. మంచం మీద పడుకున్న బాపమ్మ ఒక్కసారి లేచి కూర్చుంది. దగ్గరికి రమ్మని సైగ చేసి నా నొసటి మీద చెయ్యేసి చూసింది.

"ఏంది బిడ్డా, జరమొచ్చిందా?"

"లేదు బాపమ్మా, మంచిగనే ఉన్న."

"మరి యుడికొలను వాసనొస్తుంది గదా నీ దగ్గర?"

నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. యుడికొలను అంటే ఓ డి కొలోన్. నేను రెండో క్లాసు చదివే రోజుల దాకా మా ఇంట్లో మందుల గూట్లో ఆ సీసా ఉండేది. జరమొస్తే చెంబులో నీళ్ళు తీసుకుని, అందులో నాలుగు చుక్కలేసి, దస్తీ తడిపి నొసటి మీద వేసేవాళ్ళు. నిమ్మతొక్క లాంటి వాసన, తర్వాత చల్లదనం. మా బాపమ్మకు ఆ వాసన అంటే సోకు కాదు, జబ్బు. నా మెడ మీద ఉన్నది ఆ పాత సీసాకు మునిమనవడు అన్నమాట. ఆమె ముక్కుకు ఆ చుట్టరికం తెలిసిపోయింది, డబ్బా మీద అంత చదివిన నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. ఫోన్లో ఛార్జింగ్ ఉన్నంతసేపూ, తర్వాత హైదరాబాద్ వచ్చాక చాలా రోజులూ దీని వెనకే పడ్డాను. దొరికినవి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగే, ఓపిక పట్టండి.

ఓ డి కొలోన్ అంటే కొలోన్ నీళ్ళు. కొలోన్ జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న ఊరు. కానీ అది చేసినవాడు జర్మన్ కాదు, ఇటలీ నుంచి బతకవచ్చినవాడు. పేరు జొహాన్ మరియా ఫరీనా, పుట్టింది 1685లో. 1708లో తమ్ముడికో అన్నకో రాసిన ఉత్తరంలో, ఇటలీలో వాన వెలిసిన వసంతకాలపు పొద్దును గుర్తుచేసే వాసన ఒకటి తయారుచేశానని చెప్పుకున్నాడు. మరుసటి ఏడు, 1709లో, కొలోన్‌లో ఫరీనా వాళ్ళ కొట్టు మొదలైంది. ఆ కంపెనీ ఇప్పటికీ ఉంది. నిమ్మ, నారింజ, బెర్గమోట్ తొక్కల నూనెలు, నారింజ పూల నూనె, ఇంకొన్ని ఆకులూ అన్నీ కలిపి ఆల్కహాల్‌లో కరిగించడం, స్థూలంగా ఇదే కిటుకు. అంతకు ముందు యూరప్ దొరలు వాడినవి కస్తూరి, పునుగు లాంటి బరువైన వాసనలు. ఇది తేలిక. ఆన్‌సైట్ పోయినవాడు చేసుకున్న ఊరి బెంగ అనుకోవచ్చు దీన్ని. అది కూడా తనకు దత్తతిచ్చిన ఊరి పేరు పెట్టి మరీ :)

తర్వాత అదే ఊళ్ళో 4711 అనే ఇంకో పేరు లేచింది. అది కొట్టు ఉన్న ఇంటి నంబరు. 1790లలో ఫ్రెంచి సైన్యం ఊరిని పట్టుకున్నాక ఇళ్ళకు వరస నంబర్లు వేశారు, ఆ నంబరే బ్రాండ్ అయి కూర్చుంది. నెపోలియన్ ఈ నీళ్ళను విపరీతంగా వాడేవాడు. మగవాళ్ళదా ఆడవాళ్ళదా అన్న ప్రశ్న అప్పుడు ఎవరికీ రాలేదు. ఇంకో సంగతి, అప్పట్లో దీన్ని మందుగా తాగేవాళ్ళు కూడా. 1810లో నెపోలియన్ ప్రభుత్వం రహస్య మందులన్నిటి ఫార్ములాలూ బయటపెట్టాలని ఆజ్ఞ తెచ్చింది. ఫార్ములా చెప్పడం ఇష్టం లేని కొలోన్ వ్యాపారులు ఇది మందు కాదు, సెంటే అని తేల్చేశారు. సోర్స్ కోడ్ ఇవ్వమనేసరికి ప్రొడక్ట్ కేటగిరీనే మార్చేశారన్నమాట. అయితే దొరలతో పాటు మన దేశానికి వచ్చిన సీసా మాత్రం ఆ పాత మందు గుణాన్ని వదల్లేదు. కూల్‌డ్రింకులూ సబ్బులూ అమ్మే అంగట్లో కాక మందుల దుకాణంలో దొరికేది, మందుల గూట్లోనే ఉండేది. అందుకే బాపమ్మ చెయ్యి నా నొసటి మీదికి పోయింది.

ఇక పండు సంగతి. గ్రేప్‌ఫ్రూట్ మన పండు కాదు. ఇది కరీబియన్‌లోని బార్బడోస్ దీవిలో పుట్టిన సంకరం. గ్రిఫిత్ హ్యూస్ అనే పాదిరీ 1750లో ఆ దీవి గురించి రాసిన పుస్తకంలో దీన్ని నిషిద్ధ ఫలం అన్నాడు. గ్రేప్‌ఫ్రూట్ అన్న పేరు 1814లో జమైకా పుస్తకంలో కనబడుతుంది. దీని తల్లిదండ్రులు ఎవరయ్యా అంటే, ఒకటి బత్తాయి జాతి తీపి నారింజ, రెండోది మన పంపరపనస. రెండూ అక్కడివి కావు, ఆసియా నుంచి ఓడలెక్కి పోయినవి.

ఈ రెండు పేర్లూ చూడండి ఒకసారి. పంపరపనసకూ పనసకూ ఏ చుట్టరికమూ లేదు, కాయ చూస్తేనే తెలుస్తుంది. డచ్చివాళ్ళు దీన్ని పొంపెల్‌మూస్ అంటారు, ఫ్రెంచివాళ్ళు పాంప్లమూస్, తమిళులు పంబళిమాసు. మనవాళ్ళు ఆ మూస్‌ని ఏంచేయాలో తోచక తెలిసిన పనసను తగిలించేశారు. బత్తాయి సంగతి ఇంకా తేట. అది బటావియా. డచ్చివాళ్ళు 1619లో జావాలో కట్టుకున్న రాజధాని, ఇప్పటి జకార్తా. ఆ డచ్చివాళ్ళే 1605-06లో గోల్కొండ కుతుబ్‌షాహీల దగ్గర అనుమతి తీసుకుని మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టారు. మన కలంకారీ బట్ట అటు పోయింది, పండ్ల పేర్లు ఇటు వచ్చాయి. నల్లగొండ రైతు బత్తాయి అన్నప్పుడల్లా జకార్తా పాత పేరు పలుకుతున్నాడు.

నారింజ కథ దీనికి ఉల్టా. ఈ మాట దక్షిణాదిదే, ద్రావిడ భాషల నుంచి సంస్కృతంలో నారంగమై, పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పానిష్‌లో నరంహ అయి, ముందున్న న ఎక్కడో రాలిపోయి ఆరెంజ్ అయిందని భాషావేత్తలు ఎక్కువమంది చెప్పే మాట. పుల్ల నారింజ చెట్టునూ, దాని పూలు బట్టీపట్టే విద్యనూ అరబ్బులు మధ్యధరా సముద్రం దాకా తీసుకుపోయారు. ఆ పూల నూనెను ఇటలీలో నెరోలా అనే ఊరి దొరసాని పదిహేడో శతాబ్దంలో ఫ్యాషన్ చేసింది, అందుకే దాన్ని నెరోలి అంటారు. ఫరీనా సీసాలో నడిమి వాసన అదే. అంటే కొలోన్ నీళ్ళు మా మందుల గూట్లోకి రావడానికి చాలా ముందే మన మాట ఒకటి ఆ సీసాలోకి పోయి కూర్చుంది.

మరి మనకు ఎండాకాలపు వాసనలు లేవా? ఎందుకు లేవు. వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లడం పెద్దగా ఖర్చు లేని ఏసీ. అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో (పదహారో శతాబ్దం చివర) సుగంధాలకు ఏకంగా ఒక అధ్యాయం పెట్టి, అర్గజా అనే గంధపు పూతను ఎండాకాలంలో ఒంటికి చలవ కోసం వాడతారని రాశాడు. అత్తర్లకు కూడా కాలాలున్నాయి. చలికి హీనా, షమామా, అంబర్. ఎండకు ఖస్, గులాబ్, మొగలి, ఇంకా మట్టి అత్తరు. ఈ చివరిది చిత్రమైనది. కనౌజ్‌లో కాల్చిన మట్టి పెంకుల్ని రాగి డేగ్‌లో వేసి ఉడికించి, ఆ ఆవిరిని భప్కాలో ఉన్న చందనం నూనెలోకి పట్టిస్తారు. తొలకరి వాన వాసన. ఫరీనా ఇటలీలో వాన వెలిసిన పొద్దు కోసం తాపత్రయపడితే, మనవాళ్ళు పడని వానను సీసాలో పెట్టుకున్నారు.

వీటిల్లో నిమ్మజాతి వాసన ఎందుకు తక్కువ అని నాకో సందేహం వచ్చింది. కారణం కొంత కెమిస్ట్రీయే. అత్తరుకు పునాది చందనం నూనె, అది గంటలకొద్దీ ఒంటిని పట్టుకుని ఉంటుంది. తొక్కనూనె అరగంటలో లేచిపోయే రకం, ఉడికిస్తే దాని తాజాదనం చెడుతుంది, అందుకే బట్టీ పట్టకుండా తొక్కను పిండి తీస్తారు. దానికి ఆల్కహాల్ సరైన జోడీ. ఆల్కహాల్ ఎగిరిపోతూ ఒంటి వేడిని కొంత పట్టుకుపోతుంది, చల్లగా అనిపిస్తుంది. మా దస్తీ పట్టీ రహస్యం అదే. కానీ నమాజుకు పోయేవాళ్ళలో చాలామందికి ఆల్కహాల్ పనికిరాదు. కాబట్టి రెండు విద్యలూ పక్కపక్కనే ఉండి కూడా పెద్దగా కలవలేదు.

మా ప్రాంతపు వరకు చూస్తే, మాకు గంటన్నర లోపు దూరంలో ఉన్న ఓరుగల్లు నుంచి ఏలిన కాకతీయ గణపతిదేవుడు 1244లో సముద్రం ఒడ్డున మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు గుంజుకునే ఆచారం మానేస్తున్నాం, ముప్పయ్యో వంతు సుంకం కట్టి నిశ్చింతగా వ్యాపారం చేసుకోండి అని దాని సారం. ఆ సుంకాల పట్టీ చదువుతుంటే సగం అత్తరు దుకాణం లాగే ఉంటుంది. గంధం, దేశి కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, పునుగు, కర్పూర తైలం. చెరువులు తవ్వించినవాళ్ళ ఆదాయంలో ఈ వాసనల పాలు కూడా ఉందన్నమాట.

కరీంనగర్ వెండి తీగపని గురించి మీలో చాలామంది వినే ఉంటారు, ఆఫీసు మెమెంటోల రూపంలోనైనా. ఎలగందుల కోట దగ్గర మొదలై కరీంనగర్‌కు చేరిన పని ఇది, 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని ఇప్పుడు నెమళ్ళకూ కీచైన్లకూ వాడుతున్నారు కానీ, అత్తరుదాన్లూ పన్నీరు బుడ్లూ దీంట్లో ఎప్పటినుంచో పేరున్న సరుకు. వెంట్రుక లాంటి వెండి తీగను మెలితిప్పి అల్లిన ఆ బుడ్డితో పెళ్ళి గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళందరి మీదా పన్నీరు చల్లేవాళ్ళు. వచ్చింది మామా అత్తా అని చూసి వేరే వేరే బుడ్లు తీసేవాళ్ళు కాదు కదా! మా తాత కూడా పెళ్ళిళ్ళకు పోయేటప్పుడు అత్తరు సాయిబు దగ్గర కొన్న ఖస్సును దూది పోచకు అద్ది చెవి మడతలో పెట్టుకునేవాడట. అదే దూదిని బాపమ్మ తర్వాత చీరెల పెట్టెలో వేసుకునేది. దూదికి మాకు కరువేముంది, పక్కనే జమ్మికుంట పత్తి మార్కెట్టు.

ఈ ఆడా మగా లెక్క సీసాల మీదికి వచ్చింది ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దంలోనే. మగతనానికి మారుపేరుగా మనం చూసిన ఓల్డ్ స్పైస్ 1937లో మొట్టమొదట వచ్చింది ఆడవాళ్ళకు. మరుసటి ఏడు మగవాళ్ళది తెచ్చారు, అది నిలబడిపోయింది. 1994లో సీకే వన్ అని ఇద్దరికీ కలిపి ఒకే సీసా తెచ్చి అదొక విప్లవంలా అమ్మారు. నిమ్మ వాసనే ఎక్కువ దాంట్లో కూడా. 1709 నాటి పరిస్థితికి రోల్‌బ్యాక్ చేసి కొత్త వెర్షన్ నంబర్ ఇచ్చారు, అంతే.

అన్నట్టు ఇక్కడ మన ప్రోగ్రామర్ల కోసం ఒక ముక్క. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తి అని ఒక అధ్యాయం రాశాడు. పదహారు దినుసుల్లో నాలుగేసి తీసుకుంటే 1820 రకాలని, పాళ్ళూ వగైరా మారుస్తూ పోతే మొత్తం 1,74,720 సుగంధాలు వస్తాయని లెక్క తేల్చాడు. 1820ని 96తో గుణించి చూసుకోండి. మనకు ఇంటర్‌లో చెప్పిన ఎన్-సీ-ఆర్ ఉదాహరణల్లో ఎర్రబంతులూ నీలంబంతులూ తీసేసి ఇది పెట్టి ఉంటే నాకింకో పది మార్కులు వచ్చేవి. ఆ లక్షా డెబ్భైనాలుగు వేలలో ఒక్కదానికి కూడా మగవాళ్ళ కోసం అనే ఫ్లాగ్ లేదు.

ఇంతవరకు చరిత్ర సరదాగానే ఉంది. సరదాగా లేనిది ఒకటుంది.

ఇంజనీరింగ్ మొదటి ఏడాది హాస్టల్లో ఒక సాయంత్రం క్లాసు నుంచి వచ్చేసరికి నా మంచం మీద ఒక డియోడరెంట్ డబ్బా పెట్టి ఉంది. దాని కింద చిన్న కాగితం మీద 'ప్లీజ్' అని ఒక్క మాట. ఎవరు పెట్టారో ఇప్పటికీ తెలియదు. అడగలేదు కూడా. ఆ డబ్బాను వాడాను, అయిపోయాక ఇంకోటి కొన్నాను, పదేళ్ళుగా కొంటూనే ఉన్నాను. ఆ దసరాకు ఇంటికి పోతే బాపు బస్టాండుకు బండి మీద వచ్చాడు. మా బాపు జమ్మికుంట మార్కెట్లో దడ్వాయి, పొద్దంతా కాంటా దగ్గర ఉండే పని. అంగీకి చెమటా పత్తి దుమ్మూ కలిసిన వాసన ఉండేది. చిన్నప్పుడు ఆ అంగీ పట్టుకునే నిద్రపోయేవాణ్ణి. ఆ రోజు బండి మీద ఒక జానెడు వెనక్కి జరిగి కూర్చున్నాను. బాపు గమనించాడో లేదో తెలియదు. ఇది రాయడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

తర్వాత తెలిసిందేమంటే ఆ సిగ్గుకు కూడా రిలీజ్ డేట్ ఉంది. 1919లో అమెరికాలో ఓడొరోనో అనే చెమట మందుకు జేమ్స్ వెబ్ యంగ్ అనే ఆయన ఒక ప్రకటన రాశాడు. నీ చంకల వాసన నీకు తెలియదు, చుట్టూ ఉన్నవాళ్ళకు తెలుసు, వాళ్ళు నీతో చెప్పరు అన్నది దాని సారం. అది అచ్చయిన ఆడవాళ్ళ పత్రికకు దాదాపు రెండు వందల మంది కోపంతో చందా మానేశారు. అమ్మకాలు మాత్రం ఏడాదిలో 112 శాతం పెరిగాయి. ఆ మంత్రమే చేతులు మారుతూ వచ్చింది. మన దగ్గర 2011లో ఈ డబ్బాల ప్రకటనలు మరీ శ్రుతి మించాయని సమాచార ప్రసార శాఖే కలగజేసుకోవలసి వచ్చింది. నేను అప్పుడు బళ్ళో ఉన్నాను, ఆ ప్రకటనలన్నీ నోటికి వచ్చు. నా మంచం మీద కాగితం పెట్టినవాడికీ అవి నోటికి వచ్చే ఉంటాయి. నీట్‌గా ఉండొద్దని నేననడం లేదు, స్నానం చేయమనే బాపమ్మా చెబుతుంది. కానీ చెమటకు వాసన రావడం వేరు, చెమట పట్టే పని చేసేవాడి పక్కన కూర్చోలేకపోవడం వేరు. ఈ రెండోది నాకు ఎవరో డబ్బు తీసుకుని నేర్పారు.

దీంట్లో నన్ను నిజంగా కదిపింది మాత్రం కెమిస్ట్రీయే. గ్రేప్‌ఫ్రూట్‌ను గ్రేప్‌ఫ్రూట్ అనిపించే ముఖ్యమైన వాసనను 1982లో స్విట్జర్లండ్‌లో ఫిర్మెనిక్ కంపెనీ శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. అదొక గంధకం ఉన్న పదార్థం, థయోల్ అంటారు. వెయ్యి లీటర్ల నీళ్ళలో మిల్లీగ్రాములో పదివేలవ వంతు ఉన్నా మన ముక్కుకు తెలుస్తుంది. ఆ పండులో ఇంకో థయోల్ కూడా ఉంది, దాని పేరు 3-సల్ఫనిల్‌హెక్సనాల్. సరిగ్గా ఇరవై రెండేళ్ళకు, 2004లో, మనిషి చంకల వాసనకు కారణమైన పదార్థాల్లో ఒకదాన్ని కనిపెట్టారు. ఆ పని చేసిన బృందాల్లో ఒకటి మళ్ళీ ఫిర్మెనిక్ వాళ్ళదే. దాని పేరు 3-మిథైల్-3-సల్ఫనిల్‌హెక్సనాల్. రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి డిఫ్ కొట్టి చూడండి. తేడా ఒక్క మిథైల్. ఒక కార్బనూ, రెండు హైడ్రోజన్లూ. అటు ఉంటే వేల రూపాయల సీసా, ఇటు ఉంటే మా బాపు అంగీ.

ఆ నాలుగు రోజుల్లోనే ఒక పొద్దున బాపు మార్కెట్‌కు బయలుదేరుతుంటే ఆ సీసా తీసి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, భుజం మీది తువ్వాల మీద ఒకసారి కొట్టుకుని వాసన చూశాడు.

"మంచిగనే ఉంది. నిమ్మకాయ తీర్గ ఉంది. ఎంత?"

నేను కొన్నది కాదు కదా, ధర నెట్‌లో చూశాను, నాలుగు వేల చిల్లర. చెప్పబుద్ధి కాక నాలుగు వందలు అన్నాను.

"నాలుగు వందలకు బస్తెడు నిమ్మకాయలొస్తయి గదరా" అని బండి తీశాడు. జమ్మికుంట రోడ్డు మలుపు దాకా వెనక కూర్చుని పోయాను, టీ తాగొద్దామని. వాసన అప్పటికే పోయింది. తువ్వాలకు మామూలు వాసనే వస్తోంది.

వచ్చేటప్పుడు సీసా అక్కడే మరిచిపోయాను. మరిచిపోయాననే అనుకోండి. జూన్ చివర్లో అమ్మ ఫోన్ చేసింది. బాపమ్మకు రెండు రోజులు జరమొచ్చి తగ్గిందట. తగ్గించింది డాక్టరిచ్చిన గోలీలే కావచ్చు, కానీ బాపమ్మ ఆ సంగతి ఒప్పుకోవడం లేదట. దూలం పక్క గూట్లో ఉన్న నా సీసా తెప్పించుకుని, చెంబులో నీళ్ళలో కొట్టించి, రెండు రోజులూ నొసటి మీద దస్తీ వేయించుకుందట.

"సీసా సగమైంది, మీ బాపమ్మ ఇంకోటి తెమ్మంటుంది. నాలుగు వందలే గదా అంటుంది" అంది అమ్మ.